ఎవరినీ వెనక వదలని గుంపు

మదన్‌మోహన్ సేటు సైకిల్‌ను కొట్టేయడానికి చంద్రప్ప ముందుగా సైకిల్ తొక్కడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

చిన్నప్పటి నుంచి తొక్కుతున్నదే. కానీ జహీరాబాద్ ఆదివారం సైకిల్ గుంపులో తొక్కడం వేరు. పదకొండు మంది, ఒకరి వెనక ఒకరు, హైవే అంచున. గుంత వస్తే ముందున్నవాడు చేత్తో కిందికి చూపించాలి. అది చూసి వెనకవాడు, వాడిని చూసి ఇంకో వెనకవాడు. తిరిగే ముందు చేయి చాచాలి. ఊరికే బ్రేకు వేయకూడదు. అన్నిటికన్నా పెద్ద రూలు, ఎవరినీ వెనక వదిలేసి పోకూడదు.

ఆ పెద్ద రూలే చంద్రప్ప ప్రాణం తీస్తోంది.

సేటుది ఎరువుల దుకాణం. ఆయన సైకిల్ ఖరీదు లక్షా అరవై వేలు. రెండు వేళ్ళతో లేపొచ్చు. ఎకరం పత్తి అమ్మినా రైతుకు అంత మిగలదు, సేటు మాత్రం దాని మీద కూర్చుని పొట్ట కరిగించుకుంటున్నాడు. ఆ పొట్టా కరగడం లేదు. అదే సైకిల్ చంద్రప్ప చేతిలో పడితే ఒక పాత ఆటో అవుతుంది. ఝరాసంగం దారిలో నడుపుకోవచ్చు. లేదంటే ఈ ఏడు కూడా చెరుకు నరకడానికే పోవాలి, నలభై రెండేళ్ళ నడుముతో.

పని కష్టమైనదేం కాదు. చిరాగ్‌పల్లి హోటల్లో చాయ్ తాగి వెనక్కి తిరిగేటప్పుడు, బాగా అలసిపోయిన వాడికి సేటు తన తేలిక సైకిల్ ఇచ్చి వాడి బరువు సైకిల్ తాను తీసుకుంటాడు. ఆ గుంపు ఆచారం అది. చంద్రప్ప మూడు ఆదివారాలు వరసగా ఆయాసపడ్డాడు. మూడుసార్లూ సైకిల్ చేతికొచ్చింది. ఒంటరితనమే రాలేదు.

మొదటి వారం చైన్ పడిందన్నాడు. మిగతా పది మందీ ఆగి చేతులకు గ్రీజు పూసుకున్నారు. రెండో వారం కడుపునొప్పి అన్నాడు. గుంపులోని త్రివేణి టీచర్ పక్కనే నిలబడి రెండు సీసాల ఉప్పూ చక్కెర నీళ్ళు తాగించింది. మూడో వారం కాలు పట్టేసిందన్నాడు. పది మందీ ఇంటిదాకా దిగబెట్టి, చాయ్ తాగి మరీ వెళ్ళారు.

"సైకిల్ తెస్తనంటివి, గింతమంది పెద్దమనుషులను తెస్తివి. చాయ్‌పత్తి డబ్బా ఖాళీ," అంది భార్య గిరిజమ్మ.

వీళ్ళందరికంటే అతన్ని భయపెట్టింది బస్వరాజ్. వెల్డింగ్ పనివాడు, యాభై ఏళ్ళ బక్కమనిషి. గుంపులో ఎప్పుడూ ఆఖరున వస్తాడు. "మీరు నడువున్రి, ఈయినను నేను చూసుకుంట," అంటాడు ప్రతిసారీ. సేటు సైకిల్ మీద నుంచి ఒక్క నిమిషం కూడా చూపు తిప్పడు. తనను ఒంటరిగా పట్టుకుని నిజం కక్కించాలన్నదే అతని ఎత్తు అని చంద్రప్పకు అర్థమైంది.

ఈ రోజు నాలుగో ఆదివారం. ఇదే ఆఖరిది. వచ్చే వారం సైకిల్‌ను పూనాలో ఉన్న అల్లుడికి పంపేస్తున్నానని సేటు పోయినవారమే చెప్పాడు. తిరుగుదారిలో కంది చేల మధ్య బండ్ల బాటలో చంద్రప్ప బామ్మర్ది జగన్‌మోహన్ టెంపోతో ఎదురుచూస్తున్నాడు.

చంద్రప్ప మామూలుగానే ఆయాసపడి సైకిల్ సంపాదించాడు. విసుగొచ్చి వాళ్ళే పోతారని, పడిపోనంత మెల్లగా తొక్కడం మొదలుపెట్టాడు. వాళ్ళూ అంతే మెల్లగా తొక్కారు. చెరుకు ట్రాక్టరు దాటిపోయింది. మేకల మంద దాటిపోయింది. గడ్డిమోపు ఎత్తుకున్న ముసలమ్మ ఒకామె దాటిపోతూ తిరిగి చూసింది.

"ఏం బిడ్డా, బరాత్ పోతున్నరా?"

"మేడం, మీరు పోన్రి. నేను మెల్లగ వస్త," అన్నాడు చంద్రప్ప.

"మంచిగున్నది! మనిషిని రోడ్డు మీద ఇడిచిపెట్టి, ఇంటికి పోయి ఇడ్లీలు తినాల్నా?" అంది త్రివేణి టీచర్.

బస్వరాజ్ వెనక నుంచి ముందుకొచ్చాడు. "టీచరమ్మా, జర నా మాట ఇనున్రి. హైవే మీద గింతమంది గింత మెల్లగ పోతే ఏ లారీనో వచ్చి గుద్దుతది. అందరి పానం మీదికొస్తది. మీరు నడువున్రి, ఈయినను నేను తోలుకొస్త."

"బస్వరాజ్ ఉన్నడంటే మనకేం ఫికర్!" అన్నాడు సేటు. తొమ్మిది సైకిళ్ళు వరసగా వెళ్ళిపోయాయి.

బండ్ల బాట ఇంకా అర కిలోమీటరు. వెనక ఒక్కడే మనిషి, వాడి కింద ఇనుప సైకిల్. చంద్రప్ప పెడల్ మీద లేచి నిలబడ్డాడు. సైకిల్ ఎగిరింది. ముసలమ్మను దాటాడు, మేకలను దాటాడు. పట్టలేక నవ్వొచ్చింది. మలుపు రాగానే నాలుగు వారాల అలవాటుకొద్దీ ఎడమ చేయి చాచాడు. పారిపోతూ సిగ్నల్ ఇచ్చిన దొంగను లోకంలో తనే అయ్యుంటాడు!

బాటలోకి తిరగ్గానే బ్రేకు వేశాడు.

అక్కడ రెండు టెంపోలున్నాయి. ఒకటి జగన్‌మోహన్‌ది. రెండోది నీలం రంగుది. దాని పక్కన ఒక లావుపాటి మనిషి వెనక తలుపు తెరిచి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

పోలీసు! అనుకున్నాడు చంద్రప్ప. బస్వరాజ్ రొప్పుతూ వచ్చి ఆగాడు. చంద్రప్ప సైకిల్ మీదే చేతులు జోడించాడు.

"అన్నా, కాళ్ళు మొక్కుత, నన్ను పట్టియ్యకు. ఆటో కొనుక్కుందామని ఆశపడ్డ. నువ్వు మొదటి దినమే పసిగట్టినవు, గందుకే నా ఎనక పడ్డవు. ఆ పోలీసాయినను పొమ్మను అన్నా!"

బస్వరాజ్ హెల్మెట్ తీసి, మొహం తుడుచుకుని, నీలం టెంపో వైపు చేయి ఊపాడు.

"పోలీసు కాదు తమ్మీ, మా బామ్మర్ది. ఎనిమిది నెలల సంది గీ సైకిల్ ఒంటిగ దొరుకుతదేమోనని గీ గుంపు ఎనక తిరుగుతున్న, ఇగ జర దిగు."