కడియాల కొలత

"ఈ నలభై రూపాయలకూ పాపకు వెండి కడియాలు చెయ్యండి, చారిగారూ" అంటూ సుగుణమ్మ మూట విప్పింది.

వీరాచారి కుంపటి ఊదడం ఆపాడు. "అన్నీ నిజాం సిక్కాలే. ఎన్నేండ్లు దాసినవమ్మా?"

"మూడేళ్లు. నూకలు తిని దాచాను. ఇవి పట్టుకుని నందిగామ వెళ్లిపోదామనుకున్నా. ఇప్పుడు సరిహద్దు దాటితే చెల్లవంట. వీటిని అక్కడి డబ్బుగా ఇక్కడ మార్చుకోనివ్వరంట."

భర్త పోయాక, పసిబిడ్డను నందిగామలో ఉన్న తల్లికి అప్పజెప్పి కోదాడ దవాఖానలో ఆయాగా చేరిందామె.

"వెండయితే ఎక్కడైనా వెండే కదండీ. నందిగామ పోయే నాగయ్య బండిలో పంపితే, మా అమ్మ అమ్ముకుని పాపను సాకుతుంది."

"మంచి ఉపాయమే. బిడ్డ కాలు ఎంత ఉంటది?"

సుగుణమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపింది.

వీరాచారి గొంతు తగ్గించాడు. "గిది ఒళ్లో బిడ్డ కాలు తల్లీ. నువ్వు ఇడిసొచ్చి మూడేండ్లాయె గదా."

ఆమె వేళ్లు కొంచెం ఎడం చేసింది. ఇంకొంచెం చేసింది. ఎక్కడ ఆపాలో తెలియలేదు.

"చెయ్యొద్దులెండి" అంది చివరికి. "నాగయ్య బండి ఎప్పుడు కదులుతుంది?"

"పొద్దుగూకక ముందే. గని జర ఆలోచించు. గీ పైసలు గాడ పనికిరావు. పోతే మల్ల ఇటు రానియ్యరు, నౌకరి పోతది."

"పోనివ్వండి. నా బిడ్డ నన్ను గుర్తుపడితే చాలు."