పందెం మీసం

"మాంసమా? మేం ముట్టం గదా కొండయ్యా," అన్నాడు ధనుంజయ, చెవులు మూసుకొని.

"మాంసం గాదబ్బయా, మీసం. మీసం పందెం," అన్నాడు కొండయ్య.

ఆత్మకూరు థియేటర్లో మొదటి ఆటకు మోగే డప్పుల్లో ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? కొండయ్య ఉదయగిరిలో కండల హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ధనుంజయ ఆత్మకూరులో కరాటే హీరో సంఘానికి అధ్యక్షుడు. ఇద్దరికీ యాభై దాటాయి. హీరోలకు ఇంకా దాటాయి. ఫైట్ల కన్నా ఫిట్లు వచ్చే వయసు. ఒకరు కదలరు, ఇంకొకరు కుదురుగా నిలవరు. ఆ ఇద్దరినీ కలిపి ఓ పాత సినిమాకు రెండో భాగం తీశారు. అందులో ఇద్దరూ కొట్టుకుంటారట. ముందు ఎవరి హీరో కింద పడితే వాళ్లు అక్కడికక్కడే మీసం తీయించుకోవాలి. అభిమానంలో మానం కూడా ఉందన్న సంగతి ఇద్దరూ ఎప్పుడో మరిచారు.

కొండయ్య మీసం సామాన్యమైనది కాదు. అధ్యక్ష పదవికి ఆయనకున్న అర్హత అదొక్కటే. ఉదయగిరి నుంచి వ్యాన్లు కట్టుకొచ్చిన జనం ఆ మీసాన్ని నమ్ముకునే వచ్చారు.

లైట్లు ఆరాయి. తెరమీద హీరోలిద్దరూ ఎదురుపడ్డారు. అంతే, కాగితం ముక్కల వాన. సగం మంది తెరకు వీపు పెట్టి గంతులు. అభిమానులు సినిమా చూడరు, సినిమాకు కనిపిస్తారు. ఒక్క డైలాగూ వినపడలేదు. కాగితాల సందున కనిపించింది ఇంతే: కరాటే హీరో కాలెత్తాడు, కండల హీరో మోకాలు పట్టుకొని కూలబడ్డాడు.

ఆట ఆపమని ఆత్మకూరు వాళ్లు గోల పెట్టారు. ఆపకపోతే కుర్చీలు లేస్తాయని తెలిసిన ఆపరేటరు ఆపేశాడు. లైట్లు వెలిగాయి.

పడలేదు, జారాడు అని కొండయ్య వాదించాడు. సొంత మనుషులే తలలు దించుకున్నారు. ఎదురు సెలూన్లోంచి ఓబులయ్యను పట్టుకొచ్చారు. సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాయి.

"నున్నంగా తియ్యి ఓబులయ్యా. మొక్క కూడా మిగల్చబాక," అన్నాడు ధనుంజయ, సొంత మీసం దువ్వుకుంటూ.

తీసేశాడు. కొండ చదునైంది. ఉదయగిరి వాళ్లు అప్పుడే కొత్త అధ్యక్షుడి కోసం ఒకరి మూతి ఒకరు చూసుకుంటున్నారు.

గోల విని మెట్లు దిగివచ్చిన థియేటర్ యజమానురాలు ఉషారాణి మైకు అందుకుంది.

"అయిపోయిందా మీ సంబడం? ఇంక కూర్చోండి నాయనా. ఇందాక ఏసింది మోకాళ్లనొప్పుల నూనె అడ్వర్టైజుమెంటు. సినిమా ఇంకా మొదలుపెట్టలా."