తుపాను పూట లైను

ఫోన్లో మన కంప్యూటరు తెర చూపించమని అడిగేవాళ్లంతా దొంగలేనట. పక్కింటి పెద్దక్క మనాంగ్ పసింగ్ తన తోడికోడలు చెప్పగా విన్నదట. ఆవిడకెవరు చెప్పారో దేవుడికే ఎరుక.

ఇలోయిలో ఊళ్లో ఆ తుపాను పొద్దున రొవేనా చెవిలో ఆ మాటే జోరీగలా రొద పెడుతోంది.

ఇంట్లో కూర్చుని మనీలా ఆఫీసు కంప్యూటర్లలోకి వెళ్లే దారి వీపీఎన్ లైను ఒక్కటే. అది కలవడం లేదు. ఇప్పటికే రెండుసార్లు గైర్హాజరు పడింది. ఇంకోటి పడితే ఇంటి నుంచి పని రద్దు. పాలు తాగే పిల్లను వదిలి మనీలా ఓడెక్కాలి.

హెల్ప్‌డెస్కుకు ఫోన్ చేసింది.

"నేను ఎల్మెర్‌ని మేడమ్. తుపాను కదా, ఇవాళ ఆఫీసంతా ఇళ్ల నుంచే. మీ తెర ఒకసారి చూడనిస్తారా?"

"ఎందుకు, నా గుట్టంతా లాగేద్దామనా?"

"నా గుట్టు మోయడమే నా వల్ల కావట్లేదు, మీదెందుకు మేడమ్! పోనీ, ఎర్రగా ఏం రాసుందో చదవండి."

చదివింది.

గడియారం వంక చూసింది.

"ఉన్నావా, కునుకు తీస్తున్నావా? హాజరు మూసేస్తారు!"

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"పసిబిడ్డా మేడమ్?"

"కాక, పిల్లిపిల్లనుకున్నావా?"

"మీ వైపు తప్పేం లేదు. పది లెక్కపెట్టి మళ్లీ నొక్కండి."

ఫోను ఠక్కున తెగింది.

"పెట్టేశాడు! దొంగ సచ్చినోడు!"

సేవకు అయిదుకి ఎన్ని మార్కులిస్తారని ఫోను అడిగింది. ఒళ్లు మండి ఒకటి నొక్కింది.

పిల్లను చంకనేసుకుని మళ్లీ వీపీఎన్ నొక్కింది. కలిసింది! హాజరు పడింది.

ఊరి చర్చిలోని కందెలారియా మాత చలవేననుకుని దణ్ణం పెట్టుకుంది.

తరువాతి వారం వీపీఎన్ మళ్లీ మొరాయించింది. ఈసారి ఫోనెత్తింది ఓ అమ్మాయి.

"ఆ ఎల్మెర్‌కి మాత్రం ఇవ్వకమ్మా. మాట మధ్యలో పెట్టేసే రకం."

"ఎల్మెర్ లేడు మేడమ్. తీసేశారు."

"మంచి పని! ఏం చేశాడేంటి?"

"తుపాను రోజు వీపీఎన్‌లో సీట్లన్నీ నిండిపోయాయి. ఒకరు బయటికొస్తేగాని ఇంకొకరికి చోటు లేదు. ఇంటి నుంచి చేస్తున్న ఎల్మెర్ తన సీటు వదిలేశాడు. మా ఫోన్లూ ఆ లైను మీదే, అందుకే తెగింది. మళ్లీ లోపలికి రాలేకపోయాడు. డ్యూటీ వదిలేశాడన్నారు."

"ఎవరి కోసం వదిలాడు?"

"మీ ఆ రోజు ఫోను రికార్డు ఇక్కడుంది. ఒక్క మార్కే నొక్కారే మేడమ్, మీకోసమే."