తప్పులు పట్టే కన్ను

పిచ్చమ్మ తెచ్చిన కాయితాన్ని పెదకోటయ్య వెలుతురుకు ఎత్తి చూశాడు. వరస పొడుగునా దారం సాగదీసి ఆనించాడు.

"ఏడో వరస కిందికి దిగిందే. మళ్లీ రాయి."

పిచ్చమ్మ ఆ కాయితం వెనక్కి తీసుకుంది. అరుగు మీదికి వెళ్లి సిరాబుడ్డి మూత తీసింది.

ఒక్కగానొక్క కొడుకు కొండలును బర్మా వైపు యుద్ధం రోడ్లు వెయ్యడానికి తీసుకెళ్లి రెండేళ్లు దాటింది. వాడు వెళ్లిన నెలకే ఆమె మొక్కుకుంది. లక్షసార్లు శ్రీరామ అని రాసి నవమినాడు గుళ్లో స్వామి పాదాల దగ్గర పెడితే కొడుకు ఇల్లు చేరతాడని ఆమె నమ్మకం. ఆమెకు వచ్చిందల్లా ఆ మూడక్షరాలే. అవి కూడా ఒకప్పుడు కొండలే పలక మీద దిద్దించాడు.

దేవుడికిచ్చేది మన చేతనైనంతలో మేలైనది కావాలి కదా. ఒక్క తప్పు పోకూడదు, ఒక్క కొట్టివేత ఉండకూడదు. అందుకని తప్పులు చూసే పని ఆమే మొగుడికి అప్పగించింది. పెదకోటయ్యకు చదువు రాదు. కానీ గురజాల పక్క నాపరాళ్ల క్వారీలో మేస్త్రీ. రాయి అంచు వెంట్రుకవాసి వంకర పోయినా దూరం నుంచే పట్టేస్తాడు.

మొదటి ఏడు దసరా దాకా పైపైన చూసి బాగుందనేవాడు. ఆ తర్వాత ఆయనకు చాదస్తం పట్టుకుంది. ఒకచోట శ్రీ తోక పొట్టిదైందంటాడు. ఇంకోచోట సిరా చిక్కబడిందంటాడు. తను సరేనన్న పాత కట్టలు కూడా అటక మీంచి దింపించి, సగం పనికిరావని పక్కన పడేశాడు. ఆ దెబ్బకు కిందటేడు నవమి చేజారిపోయింది.

పక్కింటి సాబిరాకు ఒళ్లు మండింది. ఆమె మొగుడు సత్తార్ బస్సు డ్రైవరు. కాయితం దొరకని ఈ రోజుల్లో నరసరావుపేటలో వాళ్లనీ వీళ్లనీ బతిమాలి తెస్తున్నది అతనే.

"ఏంది బాబాయ్, నీది గుండేనా రాయా? పిన్నికి కళ్లు పోతన్నయ్. రాముడు నీకంటే మంచోడు, ఇన్ని వంకలు పెట్టడు," అని మొహం మీదే అనేసింది.

పెదకోటయ్య తలపాగా సర్దుకుని క్వారీకి వెళ్లిపోయాడు.

పిచ్చమ్మకు మాత్రం మొగుడి మీద కోపం లేదు. ఆయన పట్టిన ప్రతి తప్పూ తన బిడ్డకు తగలబోయి తప్పిన దెబ్బేనని సాబిరాకు నచ్చజెప్పింది. చెయ్యి వాచిపోతే మణికట్టుకు గుడ్డ చుట్టుకుని రాసింది.

రేపు నవమి అనగా ఆఖరి కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది.

అతను దారం ఆనించాడు. ఒక్కొక్క కాయితమే తిరగేశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. పాపం, ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.

"ఏందయ్యా, యాడన్నా తప్పు పోయిందా?" భయంగా అడిగింది పిచ్చమ్మ.

అతను దారం చుట్టి పక్కన పెట్టాడు.

"లేదే," అన్నాడు చివరికి. "ఒక్క తప్పు కూడా లేదు."

పిచ్చమ్మకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. అక్కడే సాగిలపడి దణ్ణం పెట్టుకుంది. కొండలుకు సజ్జ బూరెలంటే ప్రాణం, సజ్జలు నానెయ్యాలంది. వాడి మంచానికి నులక వదులైంది, బిగించాలంది. చెబుతూనే పెరట్లోకి పరుగెత్తింది.

ఆమె అటు వెళ్లగానే పెదకోటయ్య తలపాగా విప్పి, ఆ మొదటేడు దసరా మర్నాడు పోస్టుమాస్టరు తనకొక్కడికే చదివి చెప్పిన కొండలు చావు తంతిని బయటికి తీశాడు.