ఎల్లస్వామి సైన్యం

కొత్తవాడలో ఎల్లస్వామి జంపఖానాల మగ్గం మానేసినప్పటి నుంచి ఆ ఇంట్లో పొద్దస్తమానం గుర్రాలు సకిలిస్తున్నాయని, కత్తుల మోతకు తనకు పగటి కునుకు కూడా కరువైందని పక్కింటి కట్టమ్మ నల్లా దగ్గర చెప్పిందట. ఆ మాట అటు తిరిగి ఇటు తిరిగి భానుచందర్ చెవిన పడింది.

"దొరికిండు," అనుకున్నాడు.

ఫోనులో రాజ్యాలు కట్టి కొట్లాడే ఆటలో వాళ్ళ జట్టు నాయకుడి పేరు ఎల్లస్వామి. ఏడాదిగా కలిసి ఆడుతున్నా ఆయన్ని ఎవరూ చూడలేదు. గొంతు వినలేదు. ఆజ్ఞలన్నీ రాతలోనే. నిన్నటి ఆజ్ఞ మాత్రం భానుచందర్‌కు మింగుడు పడలేదు.

'ఆదివారం ఫైనల్. రాణిగా దీప. సైన్యం ముందు రాణే నడవాలి.'

ఆటలో రాణి పడితే రాజ్యమే పోతుంది. ఏడాది కష్టం ఒక్క దెబ్బకు మట్టిపాలు.

ముఖాముఖి మాట్లాడి ఆజ్ఞ మార్పిద్దామని సాయంత్రం బయల్దేరాడు. సంగతి తెలిసి, అదే జట్టులో ఆడే దీప ఊరుకుంటుందా? స్కూటీ మీద వెనకే వచ్చింది.

ఎల్లస్వామి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య యాకమ్మ ఎవరి మగ్గానికో కండెలు చుడుతోంది. ఆమె ఒడిలో ఫోను.

"మామా, నేను భానుని. జట్టుల ఏనుగుల దళం నాదే."

ఎల్లస్వామి మాట వచ్చిన వైపు తల తిప్పి నవ్వాడు.

"పోయిన వారం ఏనుగులను వాగుల దింపి ముంచింది నువ్వేనా?" అంది యాకమ్మ.

"మామ నీకు అన్నీ చెప్తడా అత్తమ్మా? జర చాయ్ పెట్టరాదు. మేం యుద్ధం ముచ్చట మాట్లాడుకోవాలె."

యాకమ్మ లేవలేదు.

"దీప రాణి అయితే కానియ్యి మామా. కోటల కూసోనీ. ముందటికి నేను పోత."

"రుద్రమదేవి కోటల కూసున్నదా?" అంది దీప. "ఓరుగల్లుల పుట్టి ఆ మాటెట్ల వస్తది నీకు?"

"అదంత రాసుకున్న ముచ్చట. కొట్లాడింది వెనకున్న మొగోళ్ళు. పేరొక్కటే ఆమెది."

"నువ్వు చూసినవా?"

"నువ్వు చూసినవా?"

కండె చుట్టే చేయి ఆగింది.

భానుచందర్ ఎల్లస్వామి ముందు గొంతుకూర్చున్నాడు. "నువ్వే చెప్పు మామా. మొగోనివి. ఇన్ని యుద్ధాలు గెలిపించినవ్. ఆడోళ్ళు కొట్లాడిండ్రంటే నువ్వు నమ్ముతవా?"

ఎల్లస్వామి కళ్ళద్దాలు తీశాడు.

"నా కండ్లు పోయి మూడేండ్లాయె పిలగా. ఆ ఆటల పేరొక్కటే నాది."