రెండో గ్రూపు

“రెండు గంటలకోసారి ఒత్తిగిల పెట్టాలి. పొద్దునా సాయంత్రం వీపు, పిరుదులు అద్దంలో చూడాలి. ఎర్రబడితే ఆ పక్క ఆనించకూడదు. మంచానికి కాళ్ల వైపు తాడు కట్టి, అది పట్టుకుని లేచి కూర్చోవడం రోజుకు ఇరవై సార్లు. కాళ్లు కీలుకీలూ మెల్లగా వంచి చాపాలి.”

హుమేరా కాగితం చూసి చదువుతోంది. తల్లి హుస్సేన్ బీ ఊరూరా తిరిగి అమ్మే లంగాలకు పిన్నీసుతో బొందులు ఎక్కిస్తూ వింటోంది.

“ఇది ఒకటో గ్రూపుకి నేర్పేది. రెండో గ్రూపుకి ఆస్పత్రిలో చెప్పిందే, నేనేం నేర్పకూడదు. చెరుకుపల్లి హనుమయ్య, బాపట్ల రంగనాయకులు, రేపల్లె బాబూరావు. వీళ్లకు కొలతలు తీసుకోవడమే.”

“ఇంకోసారి చదువు.”

“రోజూ రెండుసార్లా? బస్సు పోద్ది అమ్మీ.”

“పోతే ఇంకోటొస్తది. గబగబా చదివితే నా చెవికి ఎక్కొద్దూ?”

బడి గడప తొక్కని తల్లికి, డిగ్రీ చదివిన కూతురి నోట ఏది విన్నా సరదా అనుకునేది హుమేరా. వెన్ను దెబ్బతిన్నవాళ్ల ఇళ్లకు తిరిగే ఈ పనిలో తను చేరింది తండ్రి యాకూబ్ వల్ల. గోడకు రంగేస్తూ నిచ్చెన మీద నుంచి పడి, నడుం కింద స్పర్శ పోయి, పుండ్లు పడి ఎనిమిది నెలల్లో పోయాడు. ఒత్తిగిల పెట్టాలని అప్పట్లో ఇంట్లో ఎవరికీ తెలియదు.

తెనాలి ఆఫీసులో, పరిశోధన నడిపే డాక్టర్ భాగ్యశ్రీ ముందు కొలతల కాగితాలు పరిచి ఉన్నాయి.

“వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు ఇంటిదగ్గర నేర్పితే ఎంత తేడా వస్తుందో చూడ్డానికి కదా ఈ పరిశోధన? రెండు గ్రూపులూ సమానంగా కోలుకున్నాయేంటి?”

“కొలిచిందే రాశాను మేడం.”

“ఇంట్లో కూర్చుని రాశావని ఎవరైనా అంటే నేనేం చెప్పను? రేపటికల్లా కారణం తేలాలి. లేదంటే నీ చోట ఇంకొకర్ని చూసుకోవాలి.”

హుమేరాకు ఏడుపొచ్చింది, ఏడవలేదు. చెరుకుపల్లి బస్సెక్కింది.

ధాన్యం లారీ మీద నుంచి పడిన హనుమయ్య మంచం మీద లేచి కూర్చుని, తన చేత్తో తనే అన్నం తింటున్నాడు.

“రా తల్లీ. ఈసారి ఎంతసేపు కూర్చుంటానో పందెమా?”

మంచానికి కాళ్ల వైపు, తెల్లటి గుడ్డ పట్టీలు జడలా అల్లిన తాడు.

“ఇది ఎవరు కట్టమన్నారు బాబాయ్?”

హనుమయ్య ఎడం చేత్తో తాడు పట్టుకుని గోడ వంక చూశాడు. భార్య కోటిరత్నం చీపురు వెతకసాగింది, చేతిలోనే పెట్టుకుని.

“ఆస్పత్రిలో పక్క మంచం బాబూరావు చెప్పాడు,” అంది చివరికి.

బాబూరావుకి ఫోన్ చేస్తే రంగనాయకులు చెప్పాడన్నాడు. రంగనాయకులు హనుమయ్య చెప్పాడన్నాడు.

“అబద్ధమాడేటప్పుడు ముగ్గురూ ముందే అనుకోవాలి పిన్నీ. దొంగ కొలతలు రాశానంటున్నారు. ఉద్యోగం పోయేట్టుంది.”

“ఒట్టేశామే,” గొణిగాడు హనుమయ్య.

“ఒట్టు కోసం పిల్ల పొట్ట కొడతామా?” అని మొగుణ్ణి కసిరి, ఇటు తిరిగింది కోటిరత్నం. “ఒకావిడ వస్తదమ్మా. తాడు కూడా ఆవిడే అల్లి తెచ్చింది. పొల్లుపోకుండా చెప్పి, తిరిగి మాచేత ఒప్పజెప్పించుకునేది. ఎవరితో అనొద్దంది.”

“పేరేంటి?”

“ఎంతడిగినా చెప్పలా. పెడితే ముద్ద తినలా, ఇస్తే పుచ్చుకోలా. వెళ్లేటప్పుడు మాత్రం గడపలో నిలబడి ఒక్కటే అడిగేది.”

“ఏమని?”

హనుమయ్య తాడు వదిలేసి నిటారుగా కూర్చున్నాడు.

“మా యాకూబును తలుచుకోండయ్యా, అని.”