ఉస్తాద్ ఉలులు

"ముందుగాల ఆ మిషన్ బంద్ చెయ్," అన్నాడు షరీఫ్ ఉస్తాద్, కొట్టు గడప బయటే నిలబడి.

మునవ్వర్ గబుక్కున స్విచ్ నొక్కాడు. గ్రైండర్ రాయి ఇంకాసేపు గిర్రున తిరిగి ఆగింది. ఆ గ్రైండర్ కొన్న రోజున "ఉలిని కాల్చేటోడు నాకు శిష్యుడు కాడు" అని కొల్లాపూర్ బజార్లో నలుగురి ముందు అనేసి వెళ్లిన మనిషి, మళ్లీ ఈ గడప దగ్గరికి రావడం ఇదే మొదలు.

ఉస్తాద్ చంకలో గోనెపట్టా మూట ఉంది. అందులో ఏమున్నాయో మునవ్వర్‌కు విప్పకుండానే తెలుసు. ఉస్తాద్ ఉలులు. కొడుకులు లేని మనిషి, చెయ్యి పట్టుకొని వడ్రంగం పని నేర్పింది తనొక్కడికే. ఎంత తిట్టినా ఆ ఉలులు ఏదో ఒకరోజు తనకే వస్తాయని మునవ్వర్ ఆశ. ఆ రోజు ఇదేనేమో అనుకున్నాడు.

"సాన రాయి మీద నూరుకుందమంటె చేతులు మాట వింటలేవు," అన్నాడు ఉస్తాద్, ఆ మాట తన నోట చెప్పాల్సి వచ్చినందుకే కోపంగా. "వీటికి పదును పెట్టు. ఒక్కటి నీలమెక్కినా ఊకోను. ఉక్కు వేడెక్కితె సచ్చిపోతది. గసుంటి ఉలితోని వంకాయ గూడ తెగదు."

"ఒక్కటి నీలమెక్కినా ఈ మిషన్ తీస్కపోయి కృష్ణల పారేస్త. సరేనా ఉస్తాద్?"

ఉస్తాద్ లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గ్రైండర్‌ని ఎగాదిగా చూశాడు.

"ఏడ కొన్నవ్?"

"నాగర్‌కర్నూల్ల. సస్తాల దొరికింది."

"కనబడుతనే ఉంది. ముంగట ఈ చెక్కలేంది?"

"నేనే చేసుకున్న. దాంతోని వచ్చిన, ఉలి ఆనించే రేకు ఊగుతుండె, పీకి పారేసిన."

అదొక టేకు తుండుతో చేసిన వాలు పీట. ఉలిని దాని మీద పడుకోబెట్టి, పైన చిన్న చెక్క పెట్టి నట్టు బిగించి, రాయి ముందు అటూ ఇటూ జరపడమే పని. చెయ్యి ఊగినా వాలు తప్పదు. ఉస్తాద్ దాన్ని వేలితో తడిమి చూశాడు.

మునవ్వర్ స్విచ్ వేశాడు. ఉలిని రాయికి తాకీ తాకనట్టు ఆనించి, తీసి, నీళ్ల మగ్గులో ముంచి, వేలితో వేడి చూసి మళ్లీ ఆనించాడు. రవ్వలు లేచినప్పుడల్లా అవి తన ఒంటి మీదే పడ్డట్టు ఉస్తాద్ ముడుచుకుపోయాడు. చివరికి, చెక్కకు అంటించిన పాత తోలు బెల్టు మీద ఉలిని సుతారంగా లాగి, తుడిచి, రెండు చేతులా అందించాడు మునవ్వర్.

ఉస్తాద్ దాన్ని వెలుతురుకు పట్టి నీలం కోసం వెతికాడు. లేదు. ముంజేతి మీద ఆనించి గీశాడు. తెల్ల వెంట్రుకలు రాలాయి. పక్కనున్న వేపచెక్క తీసుకొని, వణికే చేత్తోనే ఉలిని నెట్టాడు. సన్నటి పొర చప్పుడు లేకుండా లేచి చుట్టుకుంది.

"ఇన్నేండ్లు నిన్ను ఊకెనే తిట్టిన్రా," అన్నాడు.

 మిగతా వాటిని మునవ్వర్ ప్రాణం పెట్టి నూరాడు. నూనె గుడ్డతో తుడిచి, వరసగా పట్టాలో పేర్చి, ఉస్తాద్ ఏమైనా అంటాడేమోనని చూశాడు. ఆయన మూట కట్టేస్తుంటే ఇక ఉండబట్టలేక తనే అడిగాడు.

"ఇగ ఇవి నా కాడనే ఉండనీయరాదు, ఉస్తాద్?"

"అమ్మేసిన."

మునవ్వర్ నూనె గుడ్డ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాడు.

"మా ఇంటామెను, మీ ఖాలాను దవాఖానల ఎయ్యాల్సొచ్చె. నిన్ను తిట్టిన నోటితోని నిన్నే పైసలు ఎట్ల అడగాలె?" ఉస్తాద్ తల వంచుకున్నాడు. "వనపర్తి పిల్లగాడు, రంజిత్ అని. బీచుపల్లి కాడ పెద్ద పని నడుస్తుందట. పాత ఉలులే కావాలె అన్నడు. ఈడికే రమ్మన్న. మొద్దు ఉలి చేతులు మారొద్దు గద, గందుకే తెచ్చిన."

 ఒక్క మాట చెబితే మునవ్వర్ ఇల్లు తాకట్టు పెట్టైనా ఇచ్చేవాడు. ఆ మాట ఇప్పుడని లాభమేంటి? తనను తానే సముదాయించుకున్నాడు.

"పోనీ, పనోని చేతికే పోతున్నయ్."

"గదొక్కటే నాకు తృప్తి," అన్నాడు ఉస్తాద్.

బయట కారు ఆగింది. రంజిత్ దిగాడు. మర్యాదస్తుడే, ఇద్దరికీ నమస్తే పెట్టాడు. మూట విప్పించి, ఒక ఉలి తీసి, అంచు మీద బొటనవేలు ఆనించి, చురుక్కుమనగానే లాగేసుకున్నాడు. వేలిని నోట్లో పెట్టుకొని చప్పరిస్తూ, గ్రైండర్ వైపు చూశాడు.

"బీచుపల్లి కాడ కడుతున్న నా హోటల్ల గోడకు బిగించేటియి అన్నా ఇవి, పిల్లలు చెయ్యి పెడితె కోసుకుంటది. జర ఆ మిషన్ మీదనే అన్నిట్నీ మొద్దు చేసియ్యి."